అడిగి నమ్మిన పెట్టె

నానక్‌రామ్‌గూడ,
1999 సెప్టెంబరు.

మల్లయ్యకు, అక్క భూలక్ష్మి రాసేది.

మేము క్షేమమని రాసే అలవాటు ఈ ఇంట్లో పోయింది. నువ్వు క్షేమమా అని నేను అడగక్కర్లేదు. పొద్దు గూకితే మా మిద్దె మీది నుంచి మాదాపూర్ దిక్కు నీ గాజు భవనం వెలుగుతూ కనిపిస్తూనే ఉంది.

ఇంత దగ్గరుండి ఉత్తరం ఏందని నవ్వుకుంటావు. నవ్వుకో. పక్కింటివాళ్ల ఫోన్‌కు నువ్వు చేశావట, నేను పోలేదు. ఫోన్‌లో నువ్వు మొదలుపెడితే నేను ఏం అడగాలనుకున్నానో నేనే మరిచిపోతాను. కాగితం మీద అయితే నేను అడిగింది అడిగినట్టే ఉంటుంది. నువ్వు జవాబు చెప్పావో, పక్కకు తప్పుకున్నావో కూడా కనిపిస్తుంది. నాది నాలుగో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకొని చదువుకో, నీకు చదువు మస్తుగా ఉంది కదా.

నిన్న గచ్చిబౌలిలో మందుల దుకాణానికి పోయాను. మీ బావకు దగ్గు తగ్గడం లేదు. అక్కడ గల్లా పక్కన మీ కంపెనీ కంప్యూటరే ఉంది, మన రాకేశ్ పని చేసిందే. అది ఆగిపోయింది. తెర మీద అక్షరాలు ఎట్లున్నవి అట్లనే నిలబడి ఉన్నాయి. జనం లైన్‌లో గొణుగుతున్నారు. దుకాణమాయన చేత్తో చీటీలు రాస్తూ అన్నాడు:

"నన్నేం జేయమంటరు? దీన్ని తయారు చేసిన పిల్లగాడు తప్పు చేసి పెట్టిండంట. ఇప్పుడు వాడు లేడు, చచ్చిపోయిండు. కంపెనీ పెద్దసారే చెప్పిండు."

వెనకనుంచి ఒకాయన, "అయితే ఇగ చచ్చినోన్ని పట్టుకొచ్చి రిపేరు చేయించు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఆ పిల్లగాడు నా కొడుకు" అన్నాను నేను.

మళ్లీ ఎవరూ నవ్వలేదు. దుకాణమాయన లైన్ దాటించి మందు నాకే ముందు ఇచ్చాడు. "నాకు తెల్వదమ్మా, వాళ్లు చెప్పిందే చెప్పిన" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు.

పెద్దసారంటే నువ్వే. ఆ మాట నువ్వు అన్నావా, అనలేదా? అదొక్కటే రాయి.

భూలక్ష్మి


మాదాపూర్,
సెప్టెంబరు.

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం ఆఫీసుకు వచ్చింది. రిసెప్షన్‌లో అమ్మాయి ఇన్‌లాండ్ కవరు ఎప్పుడూ చూడనట్టు పట్టుకొచ్చి ఇచ్చింది. ఇక ముందు ఇంటి అడ్రసుకే రాయి, సరేనా.

రాకేశ్ పోయిన దుఃఖం నీకొక్కదానికే కాదు. వాడు నాకు మేనల్లుడు మాత్రమే కాదు, నేను చేయి పట్టుకొని ఈ లైన్‌లోకి తెచ్చినవాడు. కానీ అక్కా, దుఃఖంలో ఉన్నప్పుడు ప్రతి మాటా గుచ్చుకుంటుంది. దుకాణాలవాళ్లకు ఒక మాట చెబితే దానికి నాలుగు మాటలు కలుపుతారు. "ఆ పని చూసే అబ్బాయి ఇప్పుడు లేడు, సరిచేయడానికి కొంచెం టైం పడుతుంది" అని మేము చెప్పాం. కస్టమర్‌కు ఏదో ఒక కారణం చెప్పాలి కదా.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. కంప్యూటర్‌కు ప్రింటరో, ఫోన్‌లైన్ కార్డో తగిలిస్తాం. ప్రతి సామానుకూ దానితో మాట్లాడగలిగే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. ఇదివరకు మా మనిషి ఫ్లాపీలు పట్టుకొని ప్రతి దుకాణానికీ పోయి ఆ డ్రైవర్‌ను ఎక్కించి వచ్చేవాడు. రాకేశ్ రాసిన దానితో ఆ అవసరం పోయింది. సామాను తగిలిస్తే చాలు, కంప్యూటర్ తానే గుర్తుపట్టి, తగిన డ్రైవర్‌ను తానే ఎక్కించుకుంటుంది. మంచి ఆలోచనే, కాదనను. కానీ ఇప్పుడు కంప్యూటర్లు ఆగిపోతున్నది సరిగ్గా ఆ చోటే. అది వాడి భాగం. ఇందులో నేను నిందించింది ఏముంది? ఇది టెక్నికల్ విషయం. నువ్వు మనసులో పెట్టుకోకు.

ఇంకో మాట. కాన్ఫరెన్స్ హాల్లో రాకేశ్ ఫోటో పెద్దది చేయించి పెట్టిద్దామని ఆలోచన. మంచి ఫోటో ఉంటే పంపు. రంగుల్లో ఉంటే బాగుంటుంది.

నీ మేనకోడలు శ్రావణి నిన్ను అడుగుతోంది. బావను మంచి డాక్టర్‌కు చూపిద్దాం.

తమ్ముడు
మల్లేశ్


నానక్‌రామ్‌గూడ,
అక్టోబరు.

ఎం.ఎల్. రావుగారికి,

నీ కార్డు మీద అట్లనే ఉందట, రాకేశ్ చెప్పాడు. నాయిన పెట్టిన మల్లయ్య ఏమయ్యాడో, ఈ రావు ఎక్కడి నుంచి దిగాడో నాకు తెలియదు. పోనీలే, పిలిచేవాళ్లకు సులువుగా ఉంటుంది.

అన్నావా లేదా అని అడిగితే ఫోటో అడిగావు. రంగుల్లో కావాలన్నావు. అన్నావన్నమాట.

నాకు అర్థమయ్యేలా చెప్పినందుకు చాలా సంతోషం. నీకంటే బాగా వాడే చెప్పాడు. నేను బర్రెకు పాలు పిండుతుంటే గోడకు ఒరిగి కూర్చొని చెప్పేవాడు. "అమ్మా, ఒక్కొక్క సామానుది ఒక్కొక్క భాష. ప్రింటర్‌ది ఒకటి, ఫోన్ కార్డుది ఒకటి. తగిలియ్యంగనే మా పెట్టె దాన్ని నువ్వెవరు అని అడుగుతది. అది తన నంబరు చెప్తది. ఆ నంబరుకు ఏ డ్రైవర్ కావాల్నో అది వెతుక్కొచ్చి కూసోబెడ్తది. దుకాణపాయన ఏం చేయనక్కర్లే." అది చెప్పేటప్పుడు వాడి ముఖం చూడాలి. "మనం పిలవకుండనే వస్తదా?" అని నేను అడిగితే, "పిలవకుండనే వస్తది, పనైనంక ఖాళీగా ఉంటే లేచి పోతది కూడా" అని నవ్వేవాడు. నీ ముఖం ఎప్పుడైనా అట్లా వెలిగిందా, దేనికైనా?

ఆ పెట్టెలు ఏడాది పొడుగునా నడిచాయి. గచ్చిబౌలి దుకాణంలో నేనే చూశాను. ఏడాది నడిచింది ఈ వానాకాలంలో ఎందుకు నడవకుండా పోయింది? నాకు ఇంత చదువు లేకపోయినా ఈ మాట తోచింది. నీకు తోచలేదా?

చివరి నెలలో వాడు ఎట్లా ఉన్నాడో నీకు తెలియదు. ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి బండేసుకొని తిరిగాడు. ఇంటికొస్తే కంచం ముందు కూర్చొని అన్నంలో వేళ్లు తిప్పేవాడు, తినేవాడు కాదు. "నా దాంట్లనే ఎక్కడో తప్పుందమ్మా, దొరుకుత లేదు" అనేవాడు. నేనేం చెప్పాలి? "నీ మామను అడుగు, పెద్ద చదువు చదివిండు" అన్నాను. "అడిగిన. ఇంకోసారి చూడు, నీ దాంట్లనే ఉంటది అన్నడు" అన్నాడు. మియాపూర్ దుకాణం నుంచి వానలో తిరిగొస్తుంటేనే ఆ రాళ్ల లారీ కింద పడ్డాడు. అప్పుడు కూడా ఆ తప్పును వెతుకుతూనే వచ్చి ఉంటాడు.

నేను ఒకసారి వాడికి టిఫిన్ తెచ్చి మీ ఆఫీసుకు వచ్చాను, గుర్తుందా? నీ పక్కన తెల్లవాళ్లు ఉన్నారు. నన్ను చూసి వాళ్లతో ఏదో అన్నావు, వాళ్లు నాకు దండం పెట్టారు. నేనూ పెట్టాను. ఏమన్నావో తరువాత రాకేశ్‌ను అడిగి తెలుసుకున్నాను. పాలామె అన్నావట. చంకనేసుకొని పెంచినదాన్ని అక్క అనడానికి నీకు నోరు రాలేదు. ఆ రోజు నేను ఊరుకున్నాను, అది నా మాట కాబట్టి. ఇది నా కొడుకు మాట. ఊరుకోను.

దుకాణాలవాళ్లకు నువ్వు చెప్పింది వెనక్కి తీసుకో. లేకపోతే పాలామెనే కదా, నా బర్రెలను తోలుకొని మీ గేటు ముందుకు వస్తాను. అద్దాలలో వాటి ముఖాలు అవి చూసుకుంటాయి.

భూలక్ష్మి


మాదాపూర్,
అక్టోబరు.

అక్కా,

దయచేసి అట్లాంటి పని చేయవద్దు. వచ్చే వారం బయటి దేశం నుంచి మనుషులు వస్తున్నారు. పెద్ద ఆర్డరు అది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఏమవుతాయోనని ప్రపంచమంతా పరేషాన్‌లో ఉంది, మేమంతా ఇంటి ముఖం చూసి ఎన్నాళ్లయిందో. ఇట్లాంటి టైంలో గేటు ముందు బర్రెలంటే నా పరువేం కావాలి? వాచ్‌మన్‌కు కూడా చెప్పలేను, ఆవిడ మా అక్క అని.

ఆ పాలామె మాట పట్టుకొని ఇన్నాళ్లు మనసులో పెట్టుకున్నావా? వాళ్లకు మన వరసలు అర్థం కావని అలా అన్నాను.

నువ్వు అడిగిందానికి జవాబు చెబుతాను, దీంతో అయినా శాంతించు. ఏడాది నడిచింది, ఇప్పుడెందుకు నడవడం లేదు అన్నావు. బయటినుంచి చూసేవాళ్లకు అలాగే ఉంటుంది. ఎండాకాలం తరువాత మేము ఫోన్‌లైన్ కార్డులు మార్చాం. పాత కంపెనీవి దొరకడం ఆలస్యమైంది. సికింద్రాబాద్‌లో అచ్చం అట్లాంటివే దొరికాయి. అవి వేరేవాళ్లు తయారుచేసినవే అయినా, కంప్యూటర్ అడిగితే పాత కంపెనీ నంబరే చెబుతాయి. ఈ వ్యాపారంలో అందరూ వాడుతున్నవే. కొన్ని దుకాణాల్లో ఏ గొడవా లేకుండా నడిచాయి కూడా.

ఇప్పుడు అర్థమైందా సమస్య ఎక్కడుందో? కార్డు ఆ నంబరు చెప్పగానే రాకేశ్ రాసిన ప్రోగ్రాం నమ్మేసింది. పాత డ్రైవర్‌నే తెచ్చి ఎక్కించింది. లోపల సరుకు వేరు కాబట్టి పెట్టె ఆగిపోయింది. మంచి ప్రోగ్రాం అయితే ఇంకోసారి పరీక్షించి చూడాలి. వాడు చిన్నవాడు, అంత అనుభవం లేదు. అందుకే లోపం వాడి భాగంలో ఉందన్నాను. అది అబద్ధం కాదు, అక్కా. ఎవరినైనా అడుగు.

ఇది మనలో మనకే ఉండనీ. బయట ఎవరికీ చెప్పకు.

మల్లేశ్


నానక్‌రామ్‌గూడ,
నవంబరు.

మల్లయ్యకు,

నీ ఉత్తరం నేను చదివాను, మీ బావకు చదివి వినిపించాను, మళ్లీ నేను చదివాను.

కార్డులు మార్చిన సంగతి రాకేశ్‌కు చెప్పావా?

భూలక్ష్మి


మాదాపూర్,
నవంబరు.

ప్రియమైన అక్కకు,

ఉత్తరం అందింది. ఒక్క వాక్యం రాస్తే దానికి ఏమని జవాబు రాయను?

నా పరిస్థితి కూడా కొంచెం ఆలోచించు. ఈ ఉద్యోగం పైకి కనిపించేంత సుఖం కాదు. పైన డైరెక్టర్లు, కింద కుర్రాళ్లు, మధ్యలో నేను. డైరెక్టర్లు సరుకు ఎందుకు ఆలస్యమైందంటారు, కస్టమర్లు పెట్టె ఎందుకు ఆగిందంటారు. శ్రావణి ఇంటర్ పరీక్షలు దగ్గరికొచ్చాయి, దానితో కూర్చొని ఒక పాఠం చెప్పిన రోజు లేదు. మీ మరదలు నాతో మాట్లాడడం మానేసింది. నాకు నిద్ర మాత్రలు రాసిచ్చారు. ఇవన్నీ ఎవరికి చెప్పుకోవాలి? చిన్నప్పటి నుంచీ నీకే చెప్పుకున్నాను.

చెప్పాలనే అనుకున్నాను. నిజంగా. పెద్ద ఆర్డరు చేతికి రాగానే పిలిచి కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. రాకేశ్ సంగతి నీకు తెలియనిదా? వాడి నోట్లో మాట దాగదు. ముందే తెలిస్తే మర్నాడే దుకాణాలవాళ్లందరికీ, "మీకు పెట్టింది అసలు కార్డు కాదు" అని చెప్పి వచ్చేవాడు. అన్ని కార్డులూ వెనక్కి తీసుకోవలసి వచ్చేది. నేను ఎక్కడ నిలబడేవాణ్ణి?

కార్డు పైన పేరూ గుర్తూ కూడా అట్లనే వేసి ఉంటాయి. విప్పి చూసినా వాడికి తెలిసే వీలు లేదు. అందుకని కొన్నాళ్లు వాడి దాంట్లోనే వెతుక్కోనిచ్చాను. వెతికితే ఆ రెండో పరీక్ష ఏదో వాడే రాస్తాడు, సమస్య దానంతట అదే తీరిపోతుంది, ఎవరికీ నష్టం ఉండదు అనుకున్నాను. తెలివైనవాడు కదా.

ఆ రోజు మియాపూర్ వాళ్లు ఫోన్ చేస్తే, వాన తగ్గాక పో అన్నాను. వాడే ఆగలేదు.

నన్ను అర్థం చేసుకో.

నీ తమ్ముడు


నానక్‌రామ్‌గూడ,
డిసెంబరు.

మల్లయ్యా,

నిన్ను అర్థం చేసుకోమన్నావు. చేసుకున్నాను. ఇంత తేలికగా ఎవరూ అర్థం కారు.

నువ్వు తెచ్చిన వస్తువు దొంగపేరు చెప్పుకొని లోపలికొచ్చింది. నా కొడుకు రాసింది మర్యాదగా నువ్వెవరని అడిగింది. అది చెప్పిన మాట నమ్మింది. మోసం చేసిన వస్తువుది తప్పు కాదు, దాన్ని తెచ్చినవాడిది తప్పు కాదు, నమ్మినదానిది తప్పు. ఈ లెక్కను మీ కాలేజీలో ఎవరు నేర్పారు? మన ఇంట్లో అయితే ఎవరూ నేర్పలేదు.

నువ్వు "నీ దాంట్లనే ఉంటది, ఇంకోసారి చూడు" అన్నప్పుడు కూడా వాడు అట్లనే నమ్మాడు. మేనమామ చెప్పాడు కదా అని. నిన్ను పరీక్షించి చూడమని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నేను రాసేది జాగ్రత్తగా చదువు. వాడు పోయిన మూడోనాడు గుట్ట వెనక పిట్టకు పెట్టినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. ఇస్తరాకులో వాడికి ఇష్టమైనవన్నీ పెట్టాను. కాకులు వచ్చి రాళ్ల మీద వాలాయి, ముట్టలేదు. వాడి మనసులో ఏదో ఉండిపోయిందని అందరం తలా ఒక మాట అన్నాం. మీ బావ, "బిడ్డా, ఆ బండిని అమ్మనులే" అన్నాడు. రాజరాజేశ్వరి పిన్ని, "పెండ్లి చేస్తమనుకున్నం కొడుకా, మా చేతుల్లో లేకపాయె" అన్నది. నేను, "నా ఫికర్ పెట్టుకోకు, నేను తింట, ఉంట" అన్నాను. పిట్ట ముట్టలేదు. అప్పుడు నువ్వు ముందుకొచ్చావు. తెల్ల చొక్కా వేసుకొని, చేతులు కట్టుకొని, "అల్లుడా, మీ అమ్మానాయినలను నేను చూసుకుంట" అన్నావు. ఊరంతా తల ఊపింది. మేనమామ అంటే ఇట్లుండాలె అన్నారు. పిట్ట ముట్టలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా చూసి, ఇస్తరిని చెరువులో కలిపి వచ్చాం. నా కొడుకు ఏం కోరి పోయాడో తెలియక నేను ఇన్ని నెలలు ఏడ్చాను.

నీకు తెలుసు. అక్కడ నిలబడ్డ ఇంతమందిలో నీ ఒక్కడికే తెలుసు వాడికి ఏ మాట కావాలో. "నీ తప్పు కాదు రాకేశూ, కార్డులు నేను మార్చిన" అని అంటే చాలు. కాకులకు కూడా చెప్పలేకపోయావు. కాకులు పోయి మీ డైరెక్టర్లకు చెబుతాయనా?

ఆ చొక్కాకు ఇస్త్రీ కూడా ఉంది. నాకు గుర్తుంది.

నాకు నీ నుంచి ఏమీ వద్దు. ఫోటో పెట్టకు. ఆ హాల్లో నువ్వు అబద్ధాలు చెబుతుంటే వాడు గోడ మీద నుంచి వినాల్సిన పని లేదు. మీ బావకు వాచ్‌మన్ ఉద్యోగం ఇప్పిస్తానని మన ఊరి పుల్లయ్యతో చెప్పి పంపావట, ఆ ఉద్యోగం నువ్వే ఉంచుకో, ముందు ముందు పనికొస్తుంది.

నువ్వు చేయాల్సింది ఇది. మీ ఆఫీసులో వాడితో పని చేసిన పిల్లలందరినీ నిలబెట్టి, వాడి తప్పు కాదని, నువ్వు ఏం చేశావో అది చెప్పాలి. తెలుగులో చెప్పాలి, ఎందుకంటే మీ బావ అక్కడ నిలబడి వింటాడు. దుకాణాలకు కూడా నువ్వే పోయి చెప్పాలి. వేరేవాళ్లను పంపితే కుదరదు. చెప్పకపోతే నేను గేటు దగ్గరికి రాను, భయపడకు. ఒక్కొక్క దుకాణానికి నేను పోతాను, నీ ఉత్తరాలు పట్టుకొని. నీ చేతిరాత చాలా బాగుంటుంది, ఎవరైనా చదవగలరు.

భూలక్ష్మి


మియాపూర్,
డిసెంబరు.

అక్కకు మల్లయ్య రాయునది.

ఇది ఆఫీసు నుంచి కాదు, మియాపూర్‌లో మా ఇంటి నుంచి రాస్తున్నాను. ఇప్పుడు పగలంతా ఇంట్లోనే ఉంటున్నాను.

సోమవారం పొద్దున చెప్పాను. అందరినీ హాల్లోకి పిలిచాను. బావ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, గోడ పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మొదలుపెట్టేటప్పుడు అలవాటుగా ఇంగ్లీషు వచ్చింది. బావ నా దిక్కు చూశాడు. తెలుగులో మళ్లీ మొదలుపెట్టాను. కార్డులు మార్పించింది నేనే, రాకేశ్‌కు చెప్పలేదు, వాడి ప్రోగ్రాంలో తప్పు లేదు, తప్పుందని వాడికీ కస్టమర్లకూ చెప్పింది నేనే అన్నాను. యశస్విని అని వాడి పక్క సీటు అమ్మాయి లేచి బయటికి పోయింది. పోతూ పోతూ, "సార్, వాడు నన్ను కూడా అడిగాడు, నా కోడ్‌లో తప్పు పట్టుకో అని. మేమిద్దరం వారం రోజులు కూర్చున్నాం" అన్నది. నన్ను తిట్టి పోయినా బాగుండేది.

తరువాత దుకాణాలకు పోయాను. గచ్చిబౌలి ఆయన నన్ను నిలబెట్టే మాట్లాడాడు. మియాపూర్ ఆయన వినగానే షట్టర్ దించి లోపలికి పోయాడు. దించుతూ చెప్పాడు, ప్రమాదం జరిగిన సాయంత్రం రాకేశ్‌కు చాయ్ తెప్పించి ఇచ్చింది తానేనట. వాన తగ్గేదాకా ఉండు అంటే, "లేదన్నా, ఇంకోటి తోచింది, ఆఫీసుకు పోయి చూస్త" అన్నాడట. ఇది నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను.

కార్డులన్నీ వెనక్కి తెప్పిస్తున్నారు. ఆర్డరు పోయింది. నన్ను కొన్నాళ్లు ఇంట్లో ఉండమన్నారు, అంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇప్పుడైనా ఒక్క మాట రాయి అక్కా. తిట్టినా సరే. శ్రావణి, అత్త ఎందుకు రాదని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. నన్ను క్షమించానని ఒక్క ముక్క రాస్తే ఈ ఇంట్లో కొంచెం ఊపిరాడుతుంది.

మల్లయ్య


నానక్‌రామ్‌గూడ,
2000 జనవరి.

మల్లయ్యకు,

మీ బావ ఆ సోమవారం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు. "అన్నడా?" అని అడిగాను. "అన్నడు" అన్నాడు. "ఎట్లన్నడు?" "తలకాయ కిందికేసుకొని అన్నడు. వెనకున్నోళ్లకు సరిగ వినపళ్లే. గట్టిగ చెప్పు మల్లయ్యా అన్న. అప్పుడు గట్టిగ అన్నడు." అంత మాట మీ బావ జన్మలో ఎవరితోనూ అనలేదు. ఆ పూట ఆయన దగ్గకుండా పడుకున్నాడు.

నువ్వు చేశావు. చేయలేదని నేను అనను. బెదిరిస్తే చేశావు, అదీ అంటాను. నా చేతిలో నీ ఉత్తరాలు లేకపోతే వాడు ఇప్పటికీ తప్పు చేసి చచ్చిన పిల్లగాడే. నువ్వు కొత్త కారులో తిరుగుతూ ఉండేవాడివి. ఉద్యోగం పోయిందని రాశావు. నాకు జాలి కలుగుతుందేమోనని ఆగి చూశాను. కలగలేదు. ఇంట్లో కూర్చొని అన్నం తింటున్నావు కదా.

శ్రావణిని పంపు. దానికేం తెలుసు. వచ్చి నాలుగు రోజులుంటే జున్ను చేసి పెడతాను. నాన్న గురించి అడిగితే నేను అబద్ధం చెప్పను, నిజం కూడా చెప్పను. నువ్వే చెప్పుకో, ఇప్పుడు అలవాటైంది కదా.

ఇంకోటి తోచింది అన్నాడట మియాపూర్‌లో. అది రాసినందుకు నీకు దండం పెట్టాలో, చెప్పుతో కొట్టాలో నాకు తెలియడం లేదు. ఏం తోచిందో ఇక ఎవరికీ తెలియదు. నువ్వొక్క మాట చెప్పి ఉంటే వాడికి ఆ తోచేదే ఉండేది కాదు. చాయ్ తాగి, వాన తగ్గేదాకా దుకాణంలో కూర్చొని, ఆయనతో ముచ్చట పెట్టేవాడు. ఆఫీసులో అందరికీ చెప్పావు, దుకాణాలన్నింటికీ చెప్పావు. చెప్పాల్సినవాడికి తప్ప అందరికీ చెప్పావు.

క్షమించానని ఒక్క ముక్క అడిగావు. ఈ ఉత్తరం మొదలుపెట్టి ఎన్నిసార్లు ఆపానో. నువ్వు నన్ను పాలామె అన్నదానికి అడిగితే ఎప్పుడో ఇచ్చేదాన్ని. ఇది నాది కాదు ఇవ్వడానికి. వాడు ఉంటే ఇచ్చేవాడు, నాకు తెలుసు. అంత మోసం తెలిసినా ఒక్క పూట ముఖం ముడుచుకొని, మర్నాడు పొద్దున్నే బండి తీసేవాడు. "పోనీ మామా, ముందుగాల చెప్పొద్దా, ఇంత పరేషాన్ ఉండకపోవు" అని నవ్వి, నువ్వు తెచ్చిన ఆ దొంగ కార్డు కూడా నడిచేటట్టు ఇంకో డ్రైవర్ రాసి పెట్టేవాడు.

నేను వాడిని కాను.

భూలక్ష్మి